ఒక యేడు వెనుకకు: బాలుర బాస్కెట్ బాల్ ఆటలో న్యాయము

తరగతి తప్పుట మన యిండ్లలో చిన్న మాట కాదు. పరీక్షా ఫలితములు బడి గోడపై అంటించిన నాడు తన నంబరు కానరాక, ఇంటికి పోవ కాళ్లాడక, ప్రొద్దు గ్రుంకువరకు చెరువుగట్టున కూర్చున్న బాలుని ఎరుగని యూరు లేదు. ఆ మరునాటినుండి తోటివారు పై తరగతికి పోవుదురు. అతడు తనకంటె చిన్నవారి నడుమ, అదే బల్లపై కూర్చుండి, విన్న పాఠమునే మరల వినవలెను. ఆ యేడు బ్రతుకులో పోయిన యేడని పెద్దలు లెక్కకట్టుదురు.

అట్టి యేటిని కోరి తెచ్చుకొనువారు, అందులకై ధనము వెచ్చించువారును కలరనిన వినుటకు వింతగా నుండును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో నేడు అట్టి కుటుంబములు కలవు. ఏడవ తరగతియో, ఎనిమిదవ తరగతియో చక్కగా ప్యాసయిన కుమారుని తలిదండ్రులే మరియొక బడికి మార్చి, అదే తరగతిలో మరల కూర్చుండబెట్టుదురు. ఆ బాలుడు చదువులో వెనుకబడలేదు. అతడు బాస్కెట్ బాల్ ఆడును. ఒక యేడు ఆగినచో తన తరగతివారికంటె ఒక యేడు పెద్దవాడగును. పొడవును, బలమును, నేర్పును ఆ మేరకు హెచ్చును. కళాశాలల శిక్షకుల కన్ను అతనిపై బడును. ఇట్లు చేయుట న్యాయమా యని అచ్చటి తలిదండ్రులు, క్రీడాసంఘములవారు చాలకాలముగా తర్కించుచున్నారు. తరగతి యెట్లు పుట్టెను, ఆట యెట్లు పుట్టెను, రెండును ఎచ్చట ముడిపడెను అను చరిత్రను ఒకమారు పరికించినగాని ఈ తర్కము లోతు మనకు తెలియదు.

మొదట తరగతిని గూర్చి చెప్పుకొందము. పందొమ్మిదవ శతాబ్ది నడిమివరకు అమెరికా గ్రామములలో బడి యనగా ఒక్క గది, ఒక్క పంతులు. అయిదేండ్ల పసివాడును, మీసము మొలచుచున్న యువకుడును ఒకే కప్పు క్రింద చదువుకొనెడివారు. ఎవరి పాఠము వారిది, ఎవరి వేగము వారిది. మన వీథిబడులలోను ఇంచుమించుగా ఇదే పద్ధతి నడచెను. ఓనమాలు దిద్దువాడును, పెద్ద బాలశిక్ష చదువువాడును పంతులుగారి అరుగుమీదనే ప్రక్కప్రక్కన కూర్చుండెడివారు. అందు ముందుపోవుట గలదు, వెనుకబడుట గలదు. కాని తరగతి తప్పుట యను మాటకు తావు లేదు.

1843లో మసాచుసెట్సు రాష్ట్ర విద్యామండలి కార్యదర్శి హోరేస్ మాన్ ఐరోపా ఖండమునకు పోయి ప్రష్యా దేశపు బడులను చూచి వచ్చెను. పిల్లలను వయస్సును, చదువును బట్టి తరగతులుగా విభజించి, తరగతికొక ఉపాధ్యాయుని నియమించు అచ్చటి పద్ధతి అతని మనస్సును ఆకర్షించెను. ఆ దశాబ్దియందే బోస్టన్ నగరములోని క్విన్సీ పాఠశాలలో, జాన్ ఫిల్‌బ్రిక్ ప్రధానోపాధ్యాయుడుగా నుండగా, ఆ పద్ధతి అమలులోనికి వచ్చెను. తరగతికొక గది, పిల్లవానికొక బల్ల, ఏడాదికొక మెట్టు. అచ్చటినుండి అది దేశమంతటను అల్లుకొనెను. మెట్లున్న చోట ఎక్కలేక నిలిచిపోవువారును ఉందురు గదా! తరగతి తప్పిన బాలుడు ఆ పద్ధతితోనే పుట్టెను. తరగతి చదువును కొలుచుటకు ఏర్పడిన కొలత యని మనము ఇచ్చట గుర్తుంచుకొనవలెను. పిల్లవాని యెత్తును, ఎముకల గట్టిదనమును, కండల సత్తువను కొలుచుటకు అది ఏర్పడలేదు.

ఇక ఆట సంగతి. ఆ మసాచుసెట్సు రాష్ట్రముననే స్ప్రింగ్‌ఫీల్డు పట్టణములో యువజన క్రైస్తవ సంఘము, అనగా వై.ఎం.సి.ఎ. వారి శిక్షణాలయ మొకటి యుండెను. అందు వ్యాయామ విభాగమునకు అధిపతి లూథర్ హాల్సీ గ్యూలిక్. ఇతడు 1865లో హవాయి దీవులలోని హొనొలూలూలో మిషనరీల యింట జన్మించినవాడు. 1891 శీతకాలమున, మంచువలన బయట ఆడ వీలులేని విద్యార్థులు లోపలి కసరత్తులతో విసిగిపోయిరి. గదిలో ఆడదగిన క్రొత్త ఆట నొకదానిని కల్పింపుమని గ్యూలిక్ తన క్రింద పనిచేయుచున్న జేమ్స్ నెయిస్మిత్ అను ఉపాధ్యాయునికి చెప్పెను. గడువు రెండు వారములు. నెయిస్మిత్ పదుమూడు నియమములు వ్రాసి, పీచ్ పండ్ల బుట్టలు రెంటిని పది అడుగుల యెత్తున వసారా కమ్మీలకు కొట్టించి, ఆ డిసెంబరు నెలలో పదునెనిమిదిమంది విద్యార్థులను చెరి తొమ్మండుగురుగా చేసి ఆడించెను. బాస్కెట్ బాల్ ఆటకు అది పుట్టినరోజు.

నెయిస్మిత్ ఆలోచన యెట్టిదో గమనింపదగును. బంతి పట్టుకొని పరుగెత్తుట నిషేధించినచో ఒకరినొకరు పడద్రోయుట తగ్గును. గోలు నేలమీద గాక తలలకు పైన నున్నచో బంతిని బలముగా విసరి లాభము లేదు. గురిచూచి, వంపుగా, మెల్లగా వేయవలెను. మొరటుతనమును అణచి నేర్పునకు పెద్దపీట వేయవలెనని అతని కోరిక. ఆ కోరిక చాలవరకు నెరవేరెను. కాని బుట్ట పైకి పోవుటతో పొడగరికి ఒక వరము దొరకెను. బుట్ట యెత్తు అందరికి ఒక్కటే. అందుకొను చేతులు మాత్రము ఒక్కటి కావు. పదుమూడు, పదునాలుగేండ్ల ప్రాయమున బాలుడు ఒక్క యేటిలో మూడు అంగుళములకు మించి పెరుగుట సామాన్యము. కనుకనే బాలుర బాస్కెట్ బాల్ ఆటలో ఒక యేటి వయస్సునకు అంత వెల వచ్చెను.

గ్యూలిక్ స్ప్రింగ్‌ఫీల్డులోనే ఉండిపోలేదు. 1903లో అతడు న్యూయార్కు నగర పాఠశాలలకు వ్యాయామ విద్యా సంచాలకుడుగా నియమితుడయ్యెను. ఆ యేడే మరికొందరు పెద్దలతో కలిసి పబ్లిక్ స్కూల్సు అథ్లెటిక్ లీగు అను సంస్థను నెలకొల్పెను. ఆ డిసెంబరు 26వ తేదీన మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో దాని మొదటి పోటీలు జరిగెను. అప్పటి న్యూయార్కు బడులలో ఇటలీనుండి, రష్యానుండి ఓడలలో వచ్చి దిగిన కుటుంబముల పిల్లలు కిక్కిరిసి యుండిరి. ఇంగ్లీషు రాని కారణమున పెద్దపిల్లలను సైతము చిన్నతరగతులలో కూర్చుండబెట్టెడివారు. ఒకే తరగతిలో ఒకనికి పదేండ్లు, మరియొకనికి పదునాలుగు. అట్టి చోట తరగతిని బట్టి ఆటలు పెట్టినచో గెలుపు ఎవరిదో ముందే తెలిసిపోవును.

లీగువారు దీనికి రెండు ఉపాయములు పన్నిరి. ప్రాథమిక పాఠశాలల బాలురను పోటీలకై బరువును బట్టి విభజించిరి. తేలికవాడు తేలికవానితో, బరువైనవాడు బరువైనవానితో తలపడవలెను. వాడు ఏ తరగతి చదువుచున్నను సరే. రెండవది తరగతి పోటీ. తరగతిలో నూటికి ఎనుబదిమంది యైనను పాల్గొనవలెను; అందరి ఫలితముల సగటే ఆ తరగతి ఫలితము. ఒక్క పొడగరి మొత్తము తరగతిని మోసికొనిపోవు వీలు అందు లేదు. బక్కవాడును తన వంతు దూరము దూకవలసినదే. వాని దూకుడును లెక్కలోనికి వచ్చును. న్యాయమును కోరి బహు సులువైన లెక్కతో కట్టిన ఏర్పాటిది.

ఇంచుమించు ఆ కాలముననే, గ్యూలిక్ తరువాత న్యూయార్కులో ఆ పదవికి వచ్చిన వైద్యుడు సి. వార్డ్ క్రాంప్టన్, ఉన్నత పాఠశాలల బాలురను పరీక్షించి 1908లో ఒక సిద్ధాంతమును ప్రకటించెను. పుట్టినతేదీ చెప్పు వయస్సు ఒకటి, శరీరము చెప్పు వయస్సు మరియొకటి. ఒకే నెలలో పుట్టిన యిద్దరు బాలురలో ఒకడు యౌవనమున అడుగిడి యుండవచ్చును, మరొకడు ఇంకను పసివాడే కావచ్చును. వీరిని ఒక్క కొలతతో కొలువరాదని అతని వాదము. నేటి క్రీడావైద్యులు మణికట్టు ఎముకల చిత్రము తీసి వయస్సు నిర్ణయించుట, పెరుగుదలను బట్టి బాలురను జట్లుగా విభజించుట ఆ ఆలోచన వెళ్లిన త్రోవలోనివే.

గ్యూలిక్ జీవితములో మూడవ ఘట్టము నేటి మన విషయమునకు మరింత దగ్గర. 1907లో న్యూయార్కున రసెల్ సేజ్ ఫౌండేషన్ అను ధర్మసంస్థ వెలసెను. బడులలో పిల్లలేల వెనుకబడుచున్నారో తెలిసికొనుటకు ఆ సంస్థ పూనుకొన్న విచారణకు గ్యూలిక్ అధ్యక్షుడు. లెక్కలు కట్టిన వాడు పోర్టోరికోలో పాఠశాలల అధికారిగా పనిచేసిన లెనార్డ్ ఎయర్స్. 1909లో వెలువడిన అతని గ్రంథము దేశమును కలవరపెట్టెను. ప్రాథమిక పాఠశాలల పిల్లలలో సుమారు మూడవవంతు తమ తరగతికి ఉండవలసిన వయస్సు దాటినవారు. ఆరుగురిలో ఒకడు చదివిన తరగతినే మరల చదువుచున్నాడు. ఇట్లు మరల చదివించుటకు నగరములలోనే ఏటేట సుమారు 2 కోట్ల 70 లక్షల డాలర్లు వ్యయమగుచున్నవి. కారణములను వెదకగా ఆలస్యముగా బడిలో చేరుట, హాజరు తప్పుట, అనారోగ్యము మొదలగునవి కానవచ్చెను. ఆడపిల్లలకంటె మగపిల్లలే ఎక్కువగా వెనుకబడిరి.

ఆటను పుట్టించినవాడు, ఆటలో చిన్నవానికి అన్యాయము జరుగకుండ బరువు కొలత తెచ్చినవాడు, తరగతి తప్పిన పిల్లవాని కష్టమును లెక్కకు తెచ్చినవాడు - ఈ మువ్వురి వెనుక నున్న మనుష్యుడు ఒక్కడే. ఆ పనులను చూచినచో రెండు ఖాతాలు వేరువేరుగా నున్నట్లు తోచును. పిల్లవాడు చదువులో వెనుకబడుట ఒక వ్యాధి. దానికి చికిత్స కావలెను. ఆటలో వయస్సు, బరువు భేదము మరియొక సమస్య. దానికి తగిన కొలత కావలెను. 1918లో గ్యూలిక్ మరణించెను. తరువాతి కాలమున ఈ రెండు ఖాతాలును కలగలసిపోయినవి.

కలగలసిన చోటు ఉన్నత పాఠశాల. 1911లో ఇండియానా రాష్ట్రమున ఉన్నత పాఠశాలల బాస్కెట్ బాల్ పోటీలు మొదలయ్యెను. 1917నుండి 1930వరకు షికాగో విశ్వవిద్యాలయములో అమోస్ అలొంజో స్టాగ్ ఆధ్వర్యవమున దేశవ్యాప్తమైన పోటీలు జరిగినవి. ఊరి గౌరవము బడి జట్టుమీద ఆధారపడగా, చదువు పూర్తిచేయవలసిన వయస్సు దాటిన యువకులను సైతము ఆడించు ఆశ పుట్టెను. దీని నరికట్టుటకు రాష్ట్ర సంఘములు బయలుదేరెను. 1920లో అయిదు రాష్ట్రముల సంఘములు చేరి ఒక సమాఖ్యగా ఏర్పడెను. అదియే నేటి జాతీయ సమాఖ్యకు మూలము. బరువు కొలత బడిజట్లకు కుదరలేదు; ఊరికి ఒక్కటే జట్టు గదా! కనుక రెండు నియమములు నిలిచినవి. తొమ్మిదవ తరగతిలో చేరిననాటినుండి ఎనిమిది సెమిస్టరులు, అనగా నాలుగేండ్లు మాత్రమే ఆడవలెను. వయస్సు ఒక హద్దు దాటరాదు. మొదట ఇరువదియేండ్లవరకు, అంతకు పైనను సాగిన ఈ హద్దు క్రమముగా పందొమ్మిదికి దిగెను.

ఈ నియమములు పెద్దవాడు వచ్చి చేరుటను అరికట్టినవి. కాని తొమ్మిదవ తరగతికి ముందు నడచిన కాలమునకు లెక్క లేకపోయెను. తాళము వేసిన తలుపు ముందు గలదు. పెరటి తలుపు తెరచియే యున్నది.

ఆ పెరటి త్రోవకు మాట మాత్రము కళాశాలనుండి వచ్చెను. 1937లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ ఆటగాడొకడు ఆ యేడు పోటీలలో దిగక, ఎర్రచొక్కా తొడిగి సాధన మాత్రము చేసెనని, నాటినుండి అట్లు ఒక యేడు ఆగుటకు "ఎర్రచొక్కా" యను పేరు వచ్చెనని చెప్పుదురు. ఆ పేరే తరువాత అయిదేండ్ల పసివారికి దిగివచ్చెను. బడిలో చేర్చదగిన బిడ్డను మరియొక యేడు ఇంట నుంచుకొనుటను గూడ నేడు అదే మాటతో పిలుచుచున్నారు. 1968లో ఆరేండ్ల పిల్లలలో నూటికి 96 మంది మొదటి తరగతిలోనో, అంతకు పైనో ఉండిరి. 2005 నాటికి వారు 84 మందికి తగ్గిరి. ఇందు కొంత ప్రభుత్వములు చేరిక తేదీలను ముందునకు జరుపుటవలన కలిగినది; మిక్కిలి భాగము తలిదండ్రుల ఇష్టము. ఇట్లు ఆపువారిలో కలవారు ఎక్కువ. బడివారు పరీక్షలో తప్పించి నిలుపు పిల్లలలో లేనివారి బిడ్డలు ఎక్కువ. ఒకే యేడు ఒక యింట పెట్టుబడి, మరియొక యింట శిక్ష.

ఆటకై ఎనిమిదవ తరగతి మరల చదివించుట ఈ ధోరణికి కొస. ఇందులోని లెక్కను విప్పి చూతము. బడిలో చేర్చు హద్దును, ఆటలో వయస్సు హద్దును సెప్టెంబరు 1వ తేదీయే అనుకొందము. అనేక రాష్ట్రములలో అట్లే యున్నది. సకాలమున చేరి, ఏ తరగతియు తప్పని బాలుడు పన్నెండవ తరగతి మొదలుపెట్టునాటికి పదునేడు నిండి, పదునెనిమిది నిండనివాడై యుండును. నియమమో, ఆనాటికి పందొమ్మిది నిండని ప్రతివానిని ఆడనిచ్చును. నడుమ సరిగా ఒక యేటి సందు ఉన్నది. అనారోగ్యముననో, వలస వచ్చుటవలననో ఒకమారు వెనుకబడిన బాలునికి ఆ సందు రక్ష. కొనుక్కొన్న యేడును అదే సందులో పూర్తిగా ఇమిడిపోవును. రెండుమారులు నిజముగా తరగతి తప్పినవాడు మాత్రము ఇమడడు, బయట నిలిచిపోవును.

ఇది ఊహ కాదు. మిస్సోరీ రాష్ట్రములో ఒక బాలుడు చదువులో సహజమైన లోపము కారణముగా చిన్నతరగతులలో రెండుమారులు తప్పెను. ఆ లోపమును ఆలస్యముగా గుర్తించి తగిన సహాయము చేయగా చదువు చక్కబడెను. కడపటి యేడు వచ్చునప్పటికి వయస్సు హద్దు కొద్దిగా దాటెను. బేస్‌బాల్ జట్టులో ఆడుటకు వీలులేదని సంఘమువారనిరి. 1990 నాటి వికలాంగుల చట్టమును ఆధారము చేసికొని అతడు వ్యాజ్యము వేసెను. క్రింది కోర్టు అతని పక్షమున తీర్పు చెప్పినను, 1994లో అప్పీళ్ల న్యాయస్థానము దానిని త్రోసివేసెను. వయస్సు హద్దు ఆటకు ప్రాణమువంటి నియమమనియు, చిన్నవారికి దెబ్బలు తగులకుండ అది కాపాడుననియు అధికసంఖ్యాకుల అభిప్రాయము. ఒక న్యాయమూర్తి మాత్రము భిన్నాభిప్రాయము వ్రాసెను. ఎదుట నున్న ఈ బాలునివలన నిజముగా ఎవరికైన ప్రమాదము గలదా యని చూడవలెనే గాని, నియమమును మాత్రము చూచి తీర్పు చెప్పరాదని ఆయన వాదము. మరుసటి యేడు మిచిగాన్‌లో పరుగుపందెగాండ్ర విషయమునను పై న్యాయస్థానము వయస్సు హద్దునే నిలబెట్టెను.

ఈ తీర్పులను మేము తప్పుపట్టుట లేదు. ఎదుట నిలిచిన చిన్నవాని క్షేమము చిన్న విషయము కాదు. కాని ఆ తీర్పు ప్రక్కన మరియొక దృశ్యమును ఉంచి చూడవలెను. ఎనిమిదవ తరగతి మరల చదువుచున్న పదునైదేండ్ల బాలుడు పదుమూడేండ్ల బాలుని ఎదుట నిలిచి బంతి వేయుచున్నాడు. అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్ వంటి పెద్ద సంస్థల పోటీలలో వయస్సు విభాగమునకు తోడు తరగతి మినహాయింపు గలదు. ఆ తరగతిలో నున్నాడు గనుక ఒక యేడు మించినను ఆడవచ్చును. ఆ పదుమూడేండ్లవాడు ఆ యేడు జట్టులో చోటు కోల్పోవును. చోటు లేనివానికి శిక్షణ లేదు. శిక్షణ లేనివాడు మరుసటి యేడు మరింత వెనుకబడును. చివరకు "ఆట నీకు రాదు" అను మాట విని బంతి విడిచిపెట్టును. ఆట రాకపోవుటకు కారణము వాని పుట్టినతేదీయని వానికి చెప్పువారుండరు.

వెనుక నిలిచిన బాలునికైనను మేలు జరుగుచున్నదా? స్నేహితులను విడిచెను, ఒక యేడు ఆలస్యముగా లోకమున ప్రవేశించును. ఉన్నత పాఠశాలలలో బాస్కెట్ బాల్ ఆడు బాలురలో కళాశాలల జాతీయ సంఘపు జట్లకు చేరువారు నూటికి నలుగురైనను లేరు. పైగా పెరుగుదల అందరికిని ఒకనాడు ఆగును. పదునైదవ యేట కొనుక్కొన్న మూడంగుళములు ఇరువదవ యేట మిగులుగా నిలువవు.

దీనిని అడ్డుకొనుటకు ప్రయత్నములు లేకపోలేదు. టెక్సాస్ రాష్ట్రములో ఆటకొరకు ఏడవ, ఎనిమిదవ తరగతులలో ఒక యేడు నిలిపిన బాలుడు ఉన్నత పాఠశాలలో నాలుగవ యేటి ఆటను కోల్పోవలెనని నియమము చేసిరి. రెండేండ్లు నిలిపినచో రెండేండ్లు పోవును. ఇది సూటియైన నియమమే. కాని ఆటకొరకే నిలిపిరని ఎట్లు తేల్చుట? తలిదండ్రుల మనస్సులోని మాట కాగితముమీద కనబడదు.

తరగతిని విడిచి పుట్టినతేదీనే పట్టుకొన్నచో చిక్కు తీరునని తోచును. అంతర్జాతీయ బాస్కెట్ బాల్ పోటీలు పుట్టిన సంవత్సరమును బట్టియే జరుగును. తరగతి నియమముకంటె ఇది మేలే. కాని 1985లో రోజర్ బార్న్‌స్లీ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి కెనడా దేశపు ఐస్ హాకీ ఆటగాండ్ర పుట్టినతేదీలను పరిశీలించి ఒక సంగతి బయటపెట్టెను. జనవరినుండి మార్చివరకు పుట్టినవారు లెక్కకు మించి యుండిరి. అక్టోబరునుండి డిసెంబరువరకు పుట్టినవారు బహు తక్కువ. హద్దు జనవరి 1 కాగా, దాని వెనువెంట పుట్టినవాడు ఆ జట్టులో పెద్దవాడగును. గీత ఎచ్చట గీసినను గీత ప్రక్కనున్నవానికి లాభము కలుగును. అయినను ఆ లాభము కొనుక్కొన్నది కాదు, పన్నెండు నెలలకు మించినది కాదు.

ఈ ఆట మన ప్రాంతమునకు వచ్చిన త్రోవయు స్ప్రింగ్‌ఫీల్డునుండియే. అచ్చట చదివిన హారీ క్రో బక్ 1920లో మదరాసున వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యాశాలను స్థాపించెను. మన తెలుగు జిల్లాలు పెక్కు నాడు ఆ రాజధానిలోనివే. 1954లో ఏర్పడిన పాఠశాలల క్రీడా సమాఖ్య పోటీలు మన దేశములో పదునాలుగు, పదునేడు, పందొమ్మిదేండ్ల హద్దులతో, వయస్సును బట్టి జరుగును. కనుక ఇచ్చట తరగతి మరల చదువుటవలన లాభము లేదు. ఆశ పుట్టినతేదీ మీదికి మళ్లెను. బడిలో చేర్చునాడు పంతులుగారు జూలై 1 అని వ్రాసికొన్న తేదీలతోనే బ్రతుకులు గడిపిన పెద్దలు మనలో పెక్కుమంది కలరు. వారిది తెలియక జరిగినది; ఆటలో తెలిసి తగ్గించువారు బయలుదేరగా, 2010లో కేంద్ర ప్రభుత్వము వయస్సు మోసములను అరికట్టు నియమావళిని ప్రకటించి వైద్యపరీక్షను విధించెను. ఏ కొలత తెచ్చినను దానిని వంచుచేయి ఒకటి వెంటవచ్చును.

తరగతి తప్పించుట విషయమున మన తర్కము వేరు. 2009 విద్యాహక్కు చట్టము ఎనిమిదవ తరగతివరకు ఎవరిని నిలుపరాదనెను. 2019 సవరణ అయిదవ, ఎనిమిదవ తరగతులలో నిలుపు వీలును రాష్ట్రములకు మరల కల్పించెను. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములకో, బిడ్డను కిండర్ గార్టెన్‌లో చేర్చునాడే ఈ ప్రశ్న గడపలోనికి వచ్చును. ఆగస్టులో పుట్టిన బిడ్డను ఇప్పుడే పంపుదమా, ఒక యేడు ఆగుదమా? బిడ్డ యోగ్యతను చూచి ఆగుట తప్పు కాదు. ఎదుటి బిడ్డపై ఆధిక్యమునకై ఆగుట వేరు సంగతి.

ఇంతకును న్యాయమెట్లు కుదురును? ఈ చరిత్ర ఒక త్రోవ చూపుచున్నదని మా యభిప్రాయము. చదువు కొలతను చదువునకే ఉంచవలెను. చిన్నతరగతుల ఆటలను పుట్టినతేదీని బట్టియే జరుపవలెను. ప్యాసయిన తరగతిని మరల చదువుచున్నవానికి తరగతి మినహాయింపు ఉండరాదు. నిజముగా తప్పినవాని విషయమున మాత్రము ఆ బాలుని పిలిచి, వాని యెత్తును, బరువును, కష్టమును చూచి నిర్ణయింపవలెను. ఇందులకు శ్రమ గలదు. న్యూయార్కు బడిదొడ్లలో నూటపాతికేండ్ల క్రిందటనే, వేలకొలది పిల్లలను ఒక్కొక్కరిగా తూనికమీద నిలిపినవారు ఆ శ్రమకు వెనుదీయలేదు.

చెరువుగట్టున ప్రొద్దు గ్రుంకువరకు కూర్చున్న బాలుడు ఒక యేడు పోగొట్టుకొనెను. బడి వానికి అంతటితో శిక్ష చాలించి, సాయంకాలమున బంతి చేతికిచ్చి ఆడనీయవలెను. ఆ యేటిని వెలపెట్టి కొన్నవాడు మాత్రము తన యీడువారితోనే ఆడవలెను.